బెజవాడ అద్దె ఇళ్లు: కౌన్సిల్ చేతికి అందేవి, అందనివి

విజయవాడలో టు లెట్ బోర్డులకు రెండు కాలాలు. పిల్లల పరీక్షలు అయిపోయి మళ్లీ బడులు తెరిచేలోపు ఒకటి, ఆషాఢం వెళ్లి శ్రావణం వచ్చాక ఇంకొకటి. ఆ రోజుల్లో సత్యనారాయణపురం, పటమట, భవానీపురం, సింగ్‌నగర్ ఎటు వెళ్లినా గేట్లకు అట్టముక్కలు వేలాడుతుంటాయి. వాటి మీద ఉండేది ఎన్ని గదులు, ఏ అంతస్తు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నంతవరకే. అడ్వాన్సు ఎన్ని నెలలది, ఏటా ఎంత పెంచుతారు, ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో ఎంత పట్టుకుంటారు, మోటారు రోజుకు ఎన్నిసార్లు వేస్తారు, చుట్టాలు వస్తే ఎన్నాళ్లు ఉండనిస్తారు, ఇవన్నీ గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడుకునే మాటలు. "మీరేమిట్లు?" అన్న ప్రశ్న మాత్రం వీటన్నిటికంటే ముందొస్తుంది. దానికి వచ్చిన జవాబు నచ్చకపోతే "నిన్ననే ఇచ్చేశామండీ" అంటారు. అట్టముక్క మాత్రం గేటుకు అలాగే ఉంటుంది.

ఈ నోటిమాటల వ్యవహారంలో నగరపాలక సంస్థకు పాత్ర ఉందా? అద్దెదారుల హక్కుల గురించి కౌన్సిల్ తీర్మానం చేస్తే దానికి విలువెంత? కొన్ని దేశాల్లో ఈ ప్రశ్నకు జవాబు తేలిక. న్యూయార్క్ సిటీ కౌన్సిల్ 2017లో ఏకంగా చట్టమే చేసింది: ఇల్లు ఖాళీ చేయమంటూ కోర్టుకు లాగిన పేద అద్దెదారుకు నగరం ఖర్చుతో న్యాయవాదిని పెట్టాలి. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. పేటల్లో సేవ చేసేవారిని పిలిచి ప్రశంసాపత్రాలు ఇవ్వడం కూడా ఆ కౌన్సిల్‌కు అలవాటే. మన దగ్గర రెండో పనికి లోటు లేదు, ఆగస్టు 15కీ జనవరి 26కీ శాలువాలు కప్పుతూనే ఉంటారు. మొదటి పనికే దారి మూసి ఉంది.

ఎందుకు మూసి ఉందో చెప్పాలంటే అధికారాల పంపకం చూడాలి. విజయవాడ 1888లో మున్సిపాలిటీ అయింది, 1981లో కార్పొరేషన్ అయింది. 2021 మార్చి ఎన్నికల నాటికి 64 డివిజన్లు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను 12వ షెడ్యూలులో రాసింది. పట్టణ ప్రణాళిక, మంచినీళ్లు, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి, పేదరిక నిర్మూలన, చివరికి శ్మశానాలు కూడా అందులో ఉన్నాయి. ఇంటి ఓనరుకూ అద్దెకున్నవారికీ మధ్య ఉండే లెక్క లేదు. అది శాసనసభ చేసే చట్టం పరిధి, తగవు వస్తే కోర్టు పరిధి. కౌన్సిల్ తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపవచ్చు. ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టవచ్చు. కౌన్సిల్ తీర్మానాలను నిలిపివేసే, రద్దు చేసే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది. కాబట్టి అద్దెదారుల పక్షాన కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించినా మర్నాడు ఉదయం ఏ పోర్షన్ అద్దె తగ్గదు.

అంతమాత్రాన కౌన్సిల్ చేతులు ఖాళీగా ఉన్నాయనుకోవడం పొరపాటు. అద్దె మొత్తం దాని చేతిలో లేదు గానీ అద్దెకున్న మనిషి బతుకులో చాలా భాగం దాని చేతిలోనే ఉంది. కొళాయి దానిది, ఇంటిపన్ను దానిది, వార్డు సచివాలయం దాని నీడలోనే నడుస్తుంది, శ్మశానం దానిది. ఈ నాలుగు చోట్లా అద్దెదారుకు ఎదురయ్యే కష్టం ఒకటే: ఆ మనిషి అక్కడ ఉంటున్నట్టు ఏ కాగితమూ చెప్పదు. ఎవరు ఏ పోర్షన్‌లో ఉంటున్నారో తెలిసినవాళ్లు ఆ వీధిలో తిరిగే స్థానిక సేవకులే. కౌన్సిల్ సమావేశాల్లో అద్దెదారుల సమస్య, వాలంటీర్ల సన్మానం వేర్వేరు అంశాలుగా వస్తాయి. నిజానికి ఒకదానికి ఇంకొకటి కావాలి.

ముందు చట్టం సంగతి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కాగితం మీద అద్దెదారుకు బాగానే అండగా నిలిచింది. న్యాయమైన అద్దె ఎంతో తేల్చమని, అద్దె తగవులు చూసే అధికారి అయిన రెంట్ కంట్రోలర్‌ను అడగవచ్చు. చట్టం చెప్పిన కారణం ఉంటే తప్ప ఖాళీ చేయించకూడదు. నీళ్లు, కరెంటు ఆపి వేధించకూడదు. కానీ ఆ గొడుగు కిందికి ఎన్ని ఇళ్లు వచ్చాయన్నదే ప్రశ్న. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకు చట్టం వర్తించదని అందులోనే మినహాయింపు పెట్టారు. పాతికేళ్లు గడిచాక 1983లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును సమానత్వానికి విరుద్ధమని కొట్టేసింది. వెంటనే ప్రభుత్వం కొత్త కట్టడాలకు పదేళ్ల మినహాయింపు ఇచ్చింది. 2005 సవరణతో అది 15 ఏళ్లయింది. అంతేకాదు, కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లు పూర్తిగా చట్టం బయటికి వెళ్లిపోయాయి. చట్టం ఉన్నన్నాళ్లూ దాన్ని వాడుకోగలిగింది ప్రధానంగా వన్‌టౌన్, గవర్నర్‌పేటల్లో పాత అద్దెకు పాతుకుపోయిన దుకాణదారులు. రెండు గదుల పోర్షన్‌లో ఉండే గుమస్తాకు రెంట్ కంట్రోలర్ కోర్టు ఎక్కడుందో తెలియాల్సిన అవసరమే రాలేదు.

రాష్ట్రం 2017లో కొత్త అద్దె చట్టం తెచ్చింది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో రాష్ట్రాలకు నమూనాగా మోడల్ టెనెన్సీ చట్టాన్ని ఆమోదించింది. తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాంతో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా ఆ తరహాలో చట్టాన్ని మార్చుకున్న రాష్ట్రాల్లో ఒకటని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. మోడల్ చట్టంలో అద్దె ఎంతన్నది ఇద్దరూ ఒప్పుకున్నంత. న్యాయమైన అద్దె అన్న ఊసు పోయింది. ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదు. ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. నీళ్లు, కరెంటు ఆపకూడదు. గడువు దాటినా ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగింతలు. ఇందులో ఓనరుకు దొరికింది గట్టి ఆయుధం. అద్దెదారుకు దొరికిన రక్షణ లిఖిత ఒప్పందం ఉంటేనే పనిచేసే రకం. ఒప్పందమే లేని చోట దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

ఒప్పందం ఎందుకు ఉండదంటే, ఉన్నా 11 నెలలకే ఎందుకు ఉంటుందంటే, ఏడాది మించిన లీజును రిజిస్టర్ చేయించాల్సిందేనని 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. స్టాంపు ఖర్చు, రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగడం ఎవరికి కావాలి? 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు ఇస్తే చాలు, ఖాళీ చేయమనవచ్చు. బెజవాడ వాడుకలో ఇరుపక్షాలూ ఒక నెల ముందు చెప్పడం మర్యాద. ఈ ఒక్క చోట మాత్రం ఊరి మర్యాద చట్టం కంటే మెరుగ్గా ఉంది.

అద్దెలు పెరిగిన తీరు అందరికీ తెలిసిందే. 2014లో రాష్ట్రం విడిపోయింది, 2016లో సచివాలయం వెలగపూడికి వచ్చింది, హైదరాబాద్ నుంచి కదిలిన ఉద్యోగులకు 30 శాతం ఇంటి అద్దె భత్యం ఇచ్చారు. భత్యం పెరిగిన సంగతి ఉద్యోగి ఇంట్లోవాళ్ల కంటే ముందు ఇంటి ఓనరుకు తెలుస్తుందని ఊళ్లో జోకు. భత్యం లేని ప్రైవేటు ఉద్యోగి, ఆటోనగర్ మెకానిక్, బీసెంట్ రోడ్డు బట్టల కొట్టులో సేల్స్‌మన్ కూడా అదే మార్కెట్లో ఇల్లు వెతుక్కోవాలి. ఫలితంగా చాలామంది కానూరు, పోరంకి, గొల్లపూడి వైపు జరిగారు.

ఇక్కడ ఓనరు అంటే ధనవంతుడు, అద్దెదారు అంటే పేద అని గీత గీస్తే బెజవాడ అర్థం కాదు. ఈ నగర రాజకీయం దశాబ్దాల పాటు ఇళ్ల పట్టాల చుట్టూ తిరిగింది. కార్పొరేషన్ తొలి మేయర్ టి. వెంకటేశ్వరరావు సీపీఐ నాయకుడు. కృష్ణలంక కరకట్ట మీద, సింగ్‌నగర్ పల్లంలో, కొండల మీద గుడిసె వేసుకున్నవాళ్లు పట్టా కోసం జెండాలు పట్టుకుని తిరిగారు. 2001లో కేంద్రం మొదలుపెట్టిన వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన పేరు వాంబే కాలనీగా ఊళ్లో నిలిచిపోయింది. జేఎన్ఎన్‌యూఆర్ఎం ఇళ్లు, టిడ్కో ఇళ్లు ఆ తర్వాత వచ్చాయి. ఈ పోరాటాలన్నీ అడిగింది సొంతిల్లే. అద్దెకు ఉంటూనే గౌరవంగా, భద్రంగా బతకడం అన్న కోరిక ఏ పార్టీ కరపత్రంలోనూ పెద్దగా కనిపించదు. ఎప్పటికైనా సొంతిల్లు కట్టుకుంటాం, అందాకా సర్దుకుపోదాం అన్నది అద్దెదారులు కూడా ఒప్పుకున్న మాటే. ఆ పట్టాలు వచ్చిన 50, 60 గజాల స్థలాల్లోనే తర్వాత పైఅంతస్తులు లేచాయి. కింద ఓనరు, పైన అద్దెకున్నవాళ్లు. భర్త పోయిన ఒక ముసలామెకు పైపోర్షన్ అద్దే పెన్షను. ఆ ఇంటికి అద్దె పరిమితి పెట్టమనడం రాజకీయంగా ఏ కార్పొరేటరూ ధైర్యం చేయలేని పని. న్యాయంగా చూసినా అంత తేలిక కాదు.

పైగా కౌన్సిలే పెద్ద ఓనరు. వన్‌టౌన్‌లో అయ్యదేవర కాళేశ్వరరావు పేరిట ఉన్న మార్కెట్ సహా కార్పొరేషన్‌కు ఎన్నో దుకాణ సముదాయాలున్నాయి. వాటి నిబంధన ఇది: మూడేళ్లకోసారి రెన్యువల్, రెన్యువల్ అయినప్పుడల్లా అద్దెలో మూడో వంతు పెంపు, మొత్తం మీద 25 ఏళ్లకు మించి లీజు ఉండదు, ఆ తర్వాత బహిరంగ వేలం. వ్యాపారులు ఈ పెంపు భరించలేమంటారు. కార్పొరేషన్ ఆదాయం పోతోందంటుంది. షాపు ఒకరి పేరున ఉండి ఇంకొకరు నడపడం, మధ్యలో తేడా జేబులో వేసుకోవడం ఏ మున్సిపాలిటీలోనైనా వినే ఫిర్యాదు. అద్దెదారుల హక్కుల తీర్మానం చేసే సభ ముందు తన దుకాణాల్లో రసీదు ఎవరికిస్తోంది, మరమ్మతు ఎవరు చేయిస్తున్నారు, ఖాళీ చేయించేటప్పుడు ఎంత గడువిస్తోంది అన్నది బయట పెడితే ఆ తీర్మానానికి కాస్త బరువొస్తుంది.

ఇంటిపన్ను దగ్గర కౌన్సిల్‌కు ఒక మంచి అవకాశం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. ఒకప్పుడు పన్నును ఇంటికి వచ్చే వార్షిక అద్దె విలువను బట్టి లెక్కగట్టేవారు. అద్దె కాగితం బయటికి వస్తే పన్ను పెరుగుతుందని ఓనర్లకు భయం. అగ్రిమెంటు రాయకపోవడానికీ, రాసినా అందులో తక్కువ వేయడానికీ, నెలనెలా రసీదు ఇవ్వకపోవడానికీ అదొక కారణం. 2021-22 నుంచి రాష్ట్రంలో పన్ను ఆస్తి మూలధన విలువ మీద పడుతోంది, ఏడాదికి పెంపు 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. అంటే అద్దె ఎంత వస్తోందన్నది నివాస గృహం పన్ను లెక్కలోకి నేరుగా రాదు. భయానికి మూలం పోయింది, భయం మాత్రం ఉండిపోయింది. పన్ను నోటీసు వెనకవైపు నాలుగు వాక్యాలు అచ్చు వేయించడానికి, అద్దె కాగితం రాస్తే పన్ను పెరగదని వార్డు సచివాలయం గోడ మీద రాయించడానికి కౌన్సిల్ ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. ఒక్క కాగితం చేతిలో ఉంటే ఆధార్ చిరునామా మారుతుంది, పిల్లల బడి అడ్మిషన్ తేలికవుతుంది, గ్యాస్ కనెక్షన్ వస్తుంది, పైన చెప్పిన చట్టం రక్షణ కూడా అప్పుడే మొదలవుతుంది.

కరెంటు మీటరు కథ వేరు. అది విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కమ్) పరిధి, కౌన్సిల్‌ది కాదు. ఒకే మీటరు మీద రెండు మూడు పోర్షన్లు ఉంటే వాడకం కలిసి పై శ్లాబులోకి వెళుతుంది, యూనిట్‌కు ఓనరు చెప్పిన రేటే రేటు అవుతుంది. సంక్షేమ పథకాలకు నెలకు సగటున 300 యూనిట్ల పరిమితి ఉన్న రాష్ట్రంలో మీటరు ఎవరి ఆధార్‌కు ముడిపడిందన్నది చిన్న విషయం కాదు. ఈ తప్పు ముడిని విప్పించుకోవాలన్నా, ఫలానా కుటుంబం ఫలానా పోర్షన్‌లో వేరుగా ఉంటోందని ఎవరో ఒకరు చెప్పాలి.

ఆ ఎవరో ఒకరు ఎంత అవసరమో 2024 వరద చూపించింది. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, పాయకాపురం మునిగిపోయాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు స్థాయికి చేరింది. బాగా దెబ్బతిన్నవి కింది పోర్షన్లు. కింది పోర్షన్‌లో అద్దెకున్నవాళ్లకు పైన దాచుకునే చోటు లేదు. ఫ్రిజ్జు, మంచాలు, బియ్యం బస్తా, పిల్లల సర్టిఫికెట్లు, బయట నిలిపిన బండి అన్నీ నీళ్లలోనే. ప్రభుత్వం మునిగిన కింది అంతస్తు ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తులవారికి 10,000 ప్రకటించింది. అలాంటి సాయం గోడలకు ఇచ్చేదా, ఇంట్లో సామానుకు ఇచ్చేదా? సామానుకైతే అది అక్కడ బతుకుతున్నవారికి చెందాలి. కానీ లెక్క రాసుకోవడానికి వచ్చినవాళ్ల చేతిలోని జాబితాలో రేషన్ కార్డు చిరునామా ఉంటుంది. అద్దెకున్న కుటుంబం కార్డు చాలాసార్లు సొంతూళ్లోనే ఉంటుంది, వాళ్ల ఓటు కూడా అక్కడే. నీళ్లు తీసేలోపు తాళం వేసి ఊరెళ్లిపోయినవాళ్లు ఆ వీధిలో ఉన్నారని చెప్పేది పక్కింటివాళ్లు, లేదా ఆ వారం రోజులూ నడుం లోతు నీళ్లలో పాల ప్యాకెట్లు మోసిన కుర్రాళ్లు.

ఆ నెల అద్దె సంగతి ఏమిటి? 1882 చట్టంలోనే దీనికొక నిబంధన ఉంది. అగ్నిప్రమాదం, తుపాను, వరద వల్ల ఇల్లు శాశ్వతంగా పనికిరాకుండా పోతే లీజును రద్దు చేసుకునే హక్కు అద్దెదారుది. పేచీ అంతా 'శాశ్వతంగా' దగ్గరే. వారం రోజులు మునిగి, బురద కడిగాక మళ్లీ నిలబడే ఇల్లు ఆ నిర్వచనంలోకి రాదు. కాబట్టి ఉండలేని రోజులకు కూడా అద్దె కట్టాలా వద్దా అన్నది ఓనరు మనసును బట్టి తేలాల్సిందే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు కేంద్ర హోంశాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద కార్మికుల దగ్గర ఒక నెల అద్దె అడగొద్దని, కార్మికులను, విద్యార్థులను ఖాళీ చేయించొద్దని ఆదేశించింది. అమలు బాధ్యత కలెక్టర్ల మీద పెట్టింది. విపత్తు వేళ అద్దె విషయంలో ఆదేశం ఇవ్వడం అసాధ్యమేమీ కాదని దీన్ని బట్టి తెలుస్తోంది. వరద తగ్గిన మొదటి సమావేశంలో కౌన్సిల్ ఇలాంటి ఆదేశాన్ని కలెక్టర్‌ను కోరుతూ తీర్మానిస్తే, అది ఉత్త ప్రకటనగా మిగలదు, అధికారం ఉన్న బల్ల మీదికే వెళుతుంది.

ఉచిత న్యాయసాయం మరో దారి. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాది దొరుకుతారు. అదే సెక్షన్ వరద బాధితులను కూడా పేరుపెట్టి చెప్పింది. అంటే న్యూయార్క్ 2017లో తెచ్చుకున్న హక్కులో చెప్పుకోదగ్గ భాగం మన దగ్గర అంతకు ముప్పై ఏళ్ల ముందే పుస్తకంలో ఉంది. సింగ్‌నగర్‌లో అడ్వాన్సు పోగొట్టుకున్న మహిళ ఈ దారిన లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. ఈ సంగతి ఆమెకు చెప్పడానికే జాతీయ న్యాయసేవల సంస్థ 2009లో పారాలీగల్ వాలంటీర్ల పథకం పెట్టింది. వాళ్లు లాయర్లు కాదు. అర్జీ రాసిపెట్టి, ఏ గదిలోకి వెళ్లాలో చూపించే మనుషులు. నగరంలో 2022లో తొమ్మిది అంతస్తుల కోర్టు సముదాయం కూడా ప్రారంభమైంది. లేనిదల్లా వీధికీ ఆ మెట్లకూ మధ్య నడిపించే చెయ్యి.

సేవకులను గౌరవించడం అనగానే ఈ రాష్ట్రంలో గుర్తుకొచ్చేది 2019 ఆగస్టు 15న మొదలైన వాలంటీర్ వ్యవస్థ. నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం, పట్టణాల్లో సుమారు 100 ఇళ్లకు ఒకరు చొప్పున రాష్ట్రమంతా రెండున్నర లక్షల మందికి పైగా. 2021 ఉగాదికి సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర పేర్లతో 10, 20, 30 వేల నగదు పురస్కారాలు మొదలయ్యాయి, ఆ తొలి సభ జరిగింది విజయవాడ పక్కనే పోరంకిలో. 2024 ఎన్నికల వేళ ఎన్నికల సంఘం వాళ్లను పింఛన్ల పంపిణీ నుంచి పక్కన పెట్టింది, ప్రభుత్వం మారాక వ్యవస్థే ఆగిపోయింది. దాని మీద రాజకీయ వాదన ఎంతైనా ఉంది, ఇక్కడ అనవసరం. అద్దెదారు వైపు నుంచి చూస్తే ఆ వ్యవస్థకు ఒక మంచి, ఒక చెడ్డ ఉన్నాయి. మంచి ఏమిటంటే, ఏ పోర్షన్‌లో ఎవరున్నారో మొదటిసారి ఒక మనిషికి పూర్తిగా తెలిసింది. చెడ్డ ఏమిటంటే, ఆ తెలిసినదంతా పథకాల యాప్‌లోకి వెళ్లింది, పేట చేతిలో ఏమీ మిగల్లేదు. మనిషి వెళ్లిపోగానే తెలివిడీ వెళ్లిపోయింది. చెత్తకు నెలకు 120 రూపాయల వరకు వినియోగ రుసుం వసూలు చేసిన రోజుల్లోనూ ఇదే తంతు: బిల్లుకు మాత్రం అద్దెకున్నవాళ్లు ఒక ఇల్లుగా లెక్కకు వచ్చారు, హక్కుకు రాలేదు. 2024లో ఆ రుసుం రద్దు ప్రకటన వచ్చింది, ఆ లెక్కా పోయింది.

వరద రోజుల్లో దిగినవాళ్లు వేరే రకం. జీతం లేదు, యాప్ లేదు, చాలామందికి ఏ సంఘం బ్యాడ్జీ కూడా లేదు. మసీదు కమిటీ కుర్రాళ్లు, చర్చి యువకులు, కాలేజీ ఎన్ఎస్ఎస్ విద్యార్థులు, పక్క వీధి ఆటోడ్రైవర్లు. ఇలాంటివాళ్లను సన్మానించే జాబితా ఎలా తయారవుతుందో కౌన్సిల్ వ్యవహారం తెలిసినవారికి చెప్పక్కర్లేదు. కార్పొరేటర్ చెప్పిన పేరు, పార్టీ పేట నాయకుడి పేరు ముందొస్తాయి. నీళ్లలో దిగినవాడు ఫోటోలో వెనక వరసలో ఉంటాడు, ఒక్కోసారి ఫోటోలోనే ఉండడు.

అద్దెదారు కష్టం బాగా బయటపడేది చావు దగ్గర. కోస్తా పట్టణాల్లో ఇది అందరికీ తెలిసి ఎవరూ సభలో ఎత్తని విషయం. అద్దెకున్న కుటుంబంలో మనిషి ఆసుపత్రిలో పోతే శవాన్ని ఇంటికి తేవద్దంటారు. ఇంట్లోనే పోతే తొందరగా ఎత్తేయమంటారు. ఓనర్లందరూ రాతి గుండెవాళ్లని కాదు. మైల, శాంతి, ఆ పైన నక్షత్రం. ధనిష్ఠా పంచకంలో, అంటే ధనిష్ఠ నుంచి రేవతి వరకు ఐదు నక్షత్రాల రోజుల్లో పోతే ఇల్లు నెలల తరబడి వదిలిపెట్టాలన్న నమ్మకం ఇంకా గట్టిగానే ఉంది. కింద తామే కాపురముంటున్న ఓనరుకు అది తన ఇల్లూ, తన అద్దే. దాంతో శవం ఆసుపత్రి మార్చురీ నుంచి నేరుగా శ్మశానానికి వెళుతుంది. కాదంటే వీధి మలుపులో షామియానా కింద ఐసు పెట్టె, ప్లాస్టిక్ కుర్చీలు, ట్రాఫిక్ మధ్య ఏడుపు. దూరం నుంచి రావాల్సిన కొడుకు కోసం రాత్రంతా ఎక్కడ ఉంచాలో తెలియదు. పదకొండో రోజుకు మళ్లీ వెతుకులాట. ఏళ్ల తరబడి ఒకే పోర్షన్‌లో ఉండి, ఒకటో తారీఖు తప్పకుండా అద్దె కట్టిన మనిషికి ఆ గుమ్మంలో ఒక గంట పడుకునే హక్కు లేదు. 1960 చట్టం గానీ మోడల్ చట్టం గానీ దీని గురించి ఒక్క ముక్క మాట్లాడవు. మాట్లాడినా నమ్మకాన్ని నోటీసుతో గెలవడం కష్టం.

అయితే ఇది కౌన్సిల్ పరిధి దాటిన విషయం కానే కాదు. శ్మశానాలు, దహనవాటికలు 12వ షెడ్యూలులో 14వ అంశం. కృష్ణలంక స్వర్గపురి లాంటి చోట, లేదా మూడు సర్కిళ్లలో ఒక్కొక్కటి చొప్పున, ఒక గది, ఐసు పెట్టె, నీళ్లు, స్నానాల గదులు, యాభై మంది కూర్చునే వసారా కట్టడానికి ప్రభుత్వ చట్టం అక్కర్లేదు, బడ్జెట్లో పద్దు చాలు. డివిజన్లలో ఉన్న కమ్యూనిటీ హాళ్లనే వాడొచ్చని ఎవరైనా అనవచ్చు. శవం ఉంచిన హాల్లో ఆ తర్వాత పెళ్లి చేసే బెజవాడ కుటుంబం దొరకదు, కాబట్టి కొత్తది కట్టాల్సిందే. నడపడానికి మనుషులు ఇప్పటికే ఉన్నారు. దిక్కులేని శవాలకు అంత్యక్రియలు చేసే స్వచ్ఛంద బృందాలు ప్రతి పెద్ద పట్టణంలో ఉన్నాయి, పాడె కట్టడం నుంచి మరణ ధ్రువపత్రం దరఖాస్తు వరకు వాళ్లకు చేతనవును. వాళ్లకు తాళంచెవి ఇచ్చి, కరెంటు బిల్లు, ఐసు పెట్టె మరమ్మతు కార్పొరేషన్ భరిస్తే చాలు.

మిగిలింది కుర్చీ విషయం. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243-ఎస్ అధికరణ చెబుతుంది. వాటిలోకి పిలిస్తే వచ్చేది కాలనీ సంక్షేమ సంఘాల పెద్దలు. ఆ సంఘాల్లో సభ్యత్వం ఎక్కువగా ఓనర్లది. అపార్ట్‌మెంట్లలోనూ అంతే: మెయింటెనెన్స్ కట్టేది అద్దెకున్నవాళ్లు, లిఫ్టు ఎప్పుడు బాగుచేయించాలో ఓటేసేది ఫ్లాటు ఓనర్లు. పన్ను పెరిగితే అడగడానికి నగరంలో పన్ను చెల్లింపుదారుల సంఘం ఉంది, కార్పొరేషన్ ఆఫీసు ముందు దాని గొంతు వినిపిస్తుంది. అద్దెదారులకు అంతటి గొంతు లేదు. ఏడాదికో రెండేళ్లకో ఇల్లు మారే మనిషి సంఘం పెట్టడం కష్టం, ఓటు ఊళ్లో ఉన్న మనిషిని కార్పొరేటర్ పట్టించుకోవడం ఇంకా కష్టం. వార్డు కమిటీలో ఒక స్థానం అద్దెకున్న కుటుంబానికని కౌన్సిల్ పట్టుబడితే, దానికి ఎవరిని పంపాలన్న చిక్కు వెంటనే వస్తుంది. వరదలో, శ్మశానం దగ్గర, ఆసుపత్రి వరండాలో పనిచేసినవాళ్లలో అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు చాలామందే ఉంటారు. జాబితా అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

సన్మాన జాబితా కూడా ఆ కమిటీ చేతికే ఇస్తే కార్పొరేటర్ సిఫార్సు బెడద కొంత తగ్గుతుంది. పేరు పక్కన ఏ వీధిలో, ఏ రోజుల్లో, ఏం పని చేశారో రాయాలని నియమం పెడితే ఉత్తుత్తి పేర్లు నిలబడవు. శాలువాతో పాటు కార్పొరేషన్ గుర్తింపు కార్డు, ప్రమాద బీమా, న్యాయసేవల సంస్థతో మాట్లాడి పారాలీగల్ శిక్షణకు పంపడం, బుడమేరు పక్క డివిజన్లలో లైఫ్ జాకెట్లు, తాళ్లు, రెండు పడవలు ఉంచడం. వీటి ఖర్చు ఒక కళాక్షేత్రం సభకు అయ్యే పూలు, ఫ్లెక్సీలు, భోజనాల ఖర్చు కంటే మరీ ఎక్కువేమీ కాదు. ఫ్లెక్సీ మీద మాత్రం కార్పొరేటర్ ఫోటో చిన్నదవుతుంది, బహుశా అసలు అభ్యంతరం అక్కడే రావచ్చు.